నాసిక్ ద్రాక్ష కోతల్లో

గురువారం

ఫ్రాన్స్‌లో, ఇటలీలో వైన్ ద్రాక్ష కోతలు ఆగస్టు చివర్లో మొదలై అక్టోబర్ దాకా సాగుతాయి. నాసిక్‌లో జనవరిలో మొదలై మార్చిలో ముగుస్తాయి. తోటలో గుత్తులు, వైనరీలో పులుస్తున్న రసం రెండూ ఒకేసారి చూడాలంటే ఫిబ్రవరిలోనే వెళ్లాలి. అందుకే ఈ నెల చూసుకుని నేనూ మా చిన్నాన్నా బయల్దేరాం.

చిన్నాన్నని పట్టుబట్టి తీసుకెళ్లాను. మేడ్చల్ దగ్గర మా తాత భూమిలో ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ పందిళ్లు ఉండేవి. హైదరాబాద్ చుట్టుపక్కల కొన్ని దశాబ్దాల పాటు ఆ ద్రాక్షదే రాజ్యం. తర్వాత ఊరు పెరిగింది, పందిళ్లు పోయి ప్లాట్లు వచ్చాయి. చిన్నాన్న వైన్ ముట్టడు. కానీ తీగను చూస్తే చాలు, దానికి నీళ్లు ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో చెప్పేస్తాడు. నాకు వైన్ గురించి తెలుసు, తీగ గురించి తెలిసింది చాలా తక్కువ.

దేవగిరి ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో ఎక్కితే బాసర దగ్గర గోదావరి దాటుతుంది. అక్కణ్ణుంచి రాత్రంతా నదికి ఎదురు దిశలో, అది పుట్టిన వైపుకే వెళ్తుంది బండి. నాందేడ్ దాటాక మేం పడుకున్నాం.

శుక్రవారం

తెల్లవారుజామున నాసిక్ రోడ్ స్టేషన్‌లో దిగేసరికి చలి గట్టిగానే ఉంది. ఫోన్‌లో 11 డిగ్రీలు చూపించింది. మధ్యాహ్నం గంగాపూర్ డ్యామ్ దగ్గర 31. ఒక్క రోజులోనే ఇరవై డిగ్రీల తేడా. నాసిక్ వైన్ గురించి ఏం చెప్పాలన్నా ముందు ఈ తేడా గురించి చెప్పాలి.

ప్రపంచంలో పేరున్న వైన్ ప్రాంతాలు ఎక్కువగా 30 నుంచి 50 డిగ్రీల అక్షాంశాల మధ్య ఉంటాయి. నాసిక్ 20 డిగ్రీల దగ్గర ఉంది. ఎత్తు సుమారు 600 మీటర్లు, హైదరాబాద్ కంటే పెద్ద ఎక్కువేం కాదు. చలిదేశాల్లో తీగ ఆకులన్నీ రాల్చేసి నెలల తరబడి నిద్రపోతుంది. ఇక్కడ దానికి నిద్ర లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 దగ్గరికి పోతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వాన. ఐరోపా పద్ధతిలో వదిలేస్తే కాయ సరిగ్గా వానల్లో పండి కుళ్లిపోతుంది. ఎండ ఉండి, వాన లేకుండా, రాత్రిళ్లు చల్లగా ఉండేది నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకే. ఆ నాలుగు నెలల్లో కాయ పండేలా తీగను ఒప్పించడమే ఇక్కడి సేద్యం. ఎలా ఒప్పిస్తారో రైతు నోటే విన్నాం, అది శనివారం ముచ్చట.

గంగాపూర్ డ్యామ్ నీళ్లకు దగ్గర్లోనే సులా అనే వైన్ కంపెనీ తోటలున్నాయి. రాజీవ్ సామంత్ కాలిఫోర్నియాలో ఒరాకిల్ కంపెనీ ఉద్యోగం వదిలి, 1990లలో ఇక్కడున్న కుటుంబ భూమికి తిరిగొచ్చారు. 1997లో సావిన్యాన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ ద్రాక్ష రకాలు నాటారు. కాలిఫోర్నియా వైన్ నిపుణుడు కెర్రీ డామ్‌స్కీ సలహాలిచ్చారు. మొదటి సీసాలు 2000లో బయటికొచ్చాయి. అంతకుముందు నాసిక్‌లో ద్రాక్ష లేక కాదు, ఊరి చుట్టూ ద్రాక్షే. కాకపోతే అది తినే ద్రాక్ష, ఎక్కువగా థామ్సన్ సీడ్‌లెస్. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి పన్నుల్లో వెసులుబాటు ఇచ్చాక ఒకదాని వెనక ఒకటి వైనరీలు లేచాయి.

మేం వెళ్లిన తోటలో షెనిన్ బ్లాంక్ కోస్తున్నారు. తెల్లారకముందే తలలకు లైట్లు కట్టుకుని మొదలుపెట్టారట. మేం చేరేసరికి ఎండ ఇంకా వరుసల మధ్యకు దిగలేదు. ఆడవాళ్లు ఎడమ చేత్తో గుత్తి కింద పట్టుకుని, కుడి చేతిలోని చిన్న కత్తెరతో తొడిమ కత్తిరించి, క్రేటులో పడేయకుండా పెడుతున్నారు. గుత్తి పిడికిలి కన్నా కొంచెం పెద్దది. కాయలు ఒకదాన్నొకటి ఎంత ఒత్తుకుని ఉన్నాయంటే మధ్యలో వేలు దూరదు. లోపల ఒక్క కాయ పగిలినా గాలి ఆడక గుత్తంతా చెడుతుంది. అందుకే ప్రతి గుత్తినీ తిప్పి చూసి, గోధుమరంగు కనిపిస్తే ఆ ముక్క కత్తిరించి నేల మీద వేసేస్తున్నారు.

చిన్నాన్న ఒక గుత్తి చేతిలోకి తీసుకున్నాడు.

"ఏందిరా, పండ్లు గింత చిన్నగున్నయ్? మన అనాబ్-ఎ-షాహీ ఒక్క పండు గియి మూడైతయి."

"చిన్నగా ఉండాలనే పెంచుతారు చిన్నాన్నా. తోలులోనే రుచంతా ఉంటుందట."

ఒక కాయ నోట్లో వేసుకుని నమిలి, గింజలు అరచేతిలోకి ఉమ్మి చూశాడు. గింజ గోధుమరంగుకు తిరిగింది. "అయింది, ఇది పండింది," అన్నాడు. సూపర్‌వైజర్ అదే కాయ రసం రెండు చుక్కలు, చక్కెర కొలిచే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద పిండి మాకు ఇచ్చాడు. గీత 21.5 బ్రిక్స్ దగ్గర ఆగింది. బ్రిక్స్ అంటే నూరు గ్రాముల రసంలో సుమారుగా ఎన్ని గ్రాముల చక్కెర ఉందో చెప్పే లెక్క. పులిశాక ఒక్కో బ్రిక్స్‌కు అర శాతం పైన ఆల్కహాల్ వస్తుంది. అంటే ఇది పూర్తిగా పులిస్తే 12 శాతం దాటుతుంది.

వేడి ప్రాంతంలో చక్కెరకు కొదవ ఉండదు, ఎండే ఇస్తుంది. కొరతంతా పులుపుకే. ద్రాక్షలో రెండు ముఖ్యమైన ఆమ్లాలు ఉంటాయి, టార్టారిక్, మాలిక్. టార్టారిక్ వేడికి బాగానే తట్టుకుంటుంది. మాలిక్‌ను మాత్రం కాయ తన శ్వాసలో ఖర్చు పెట్టేస్తుంది. వేడి పెరిగే కొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది, చల్లటి రాత్రి తగ్గుతుంది. పొద్దున చూసిన ఆ 11 డిగ్రీల విలువ అది. పులుపు పోయిన తెల్ల వైన్ చింతపండు తక్కువైన పులుసులా చప్పగా, బరువుగా ఉంటుంది. ఎంత ఖరీదైన పీపాలో పెట్టినా బాగుపడదు.

షెనిన్ బ్లాంక్ ఇక్కడ నిలదొక్కుకోవడానికి కారణం కూడా ఇదే. ఫ్రాన్స్‌లోని లువార్ నది లోయ దాని పుట్టిల్లు. దక్షిణాఫ్రికా ఎండల్లో పేరు తెచ్చుకుంది. వేడిలోనూ పులుపు వదలని రకం. కాపు కూడా బాగా కాస్తుంది. కొంచెం ముందే కోస్తే బుడగల వైన్‌కు పనికొస్తుంది, సరైన టైముకు కోస్తే డ్రై (తీపి లేని) వైన్, కొంచెం చక్కెర మిగిల్చి ఆపేస్తే లేత తీపి వైన్, మార్చి దాకా తీగ మీదే వదిలేసి కాయ ముడుచుకున్నాక కోస్తే భోజనం తర్వాత తాగే తీపి వైన్. ఇన్ని పనులు చేసే రకం నాసిక్‌లో ఇంకోటి లేదు.

వైనరీ లోపల చలి. ప్రెస్‌లోంచి వచ్చే రసం మట్టి రంగులో ఉంది. దాన్ని చల్లటి ట్యాంకులో ఒక రాత్రి నిలవనిచ్చి, మడ్డి కిందికి దిగాక పై రసాన్ని వేరే ట్యాంకులోకి తీసి ఈస్ట్ వేస్తారు. తెల్ల వైన్‌ను 15 డిగ్రీల దరిదాపుల్లో మెల్లగా పులియబెడతారు. వేడెక్కితే సువాసనలన్నీ గ్యాస్‌తో పాటు గాల్లో కలిసిపోతాయి. స్టీలు ట్యాంకుల చుట్టూ చల్లటి ద్రవం తిరిగే జాకెట్లు లేకపోతే ఈ వాతావరణంలో తెల్ల వైన్ చేయడం కుదరదని అక్కడి కుర్రాడు చెప్పాడు. పులుస్తున్న ట్యాంకు నుంచి గ్లాసులో కొంచెం పట్టిచ్చాడు. మబ్బుగా ఉంది, జామపండు వాసన, నాలుక మీద చురచుర. చిన్నాన్న వాసన మాత్రం చూశాడు. "జామ," అన్నాడు. నేను ఏమీ చెప్పకముందే అన్నాడు.

ఈ ఏటి సావిన్యాన్ బ్లాంక్ అప్పటికే ట్యాంకుల్లో చేరిపోయింది. ఆ రకానికుండే పచ్చి మిరప, గడ్డి వాసనలు ఎండకు తొందరగా పోతాయి కాబట్టి చక్కెర మరీ ఎక్కకముందే కోసేస్తారు. నాకు అది బాగానే నచ్చింది. కానీ ఏ నాసిక్ వైన్ తాగాలని ఎవరైనా అడిగితే మాత్రం షెనిన్ బ్లాంక్ పేరే చెప్తాను.

శనివారం

దిండోరి నాసిక్‌కు ఉత్తరాన పాతిక కిలోమీటర్లు. దారి పొడవునా ద్రాక్షే. చదునుగా, మట్టి నల్లగా ఉన్నచోట పందిళ్లూ, వై ఆకారపు ఫ్రేములూ, వాటి మీద థామ్సన్. నేల ఎత్తుగా, ఎర్రగా, రాళ్లు తేలినచోట నిలువు తీగల వరుసలు, వాటికి వైన్ ద్రాక్ష. దక్కన్‌లో ఈ భాగమంతా పాత లావా పొరల మీదే ఉంది. వాటి నుంచి వచ్చిన నల్లరేగడి నీళ్లు పట్టుకుని వదలదు. వాలు మీది ఎర్రమొరం నీళ్లను నిలవనివ్వదు. వైన్ ద్రాక్షకు ఆ మొరమే మంచిది, తీగ బలిసిపోకుండా అదుపులో ఉంటుంది.

మాకు పరిచయస్తుల ద్వారా తెలిసిన ఒక రైతు అక్కడ కంపెనీ ఒప్పందం మీద షిరాజ్ అనే ఎర్ర వైన్ ద్రాక్ష పండిస్తున్నాడు. మిగతా పొలంలో థామ్సన్. చిన్నాన్న హైదరాబాదీ హిందీ, ఆయన మరాఠీ కలిసిన హిందీ. "కాకా, ఆప్ కీ అంగూర్ కీ ఖేతీ థీ క్యా?" (మీకూ ద్రాక్ష సాగు ఉండేదా?) అని అడిగాడు రైతు. అంతే, తర్వాత రెండు గంటలు నాతో ఎవరికీ పని పడలేదు. నేను వింటూ రాసుకున్నాను.

ఇక్కడ తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, కాపు ఒక్కసారే తీసుకుంటారు. మొదటిది ఏప్రిల్‌లో, ఖరడ్ ఛాటణీ. కొమ్మలన్నింటినీ ఒకటి రెండు కళ్లు (చిగురు వచ్చే మొగ్గలు) మాత్రం ఉంచి కొట్టేస్తారు. నడి ఎండాకాలంలో కొత్త చిగుళ్లు లేస్తాయి. వాటి నుంచి పండు తీసుకోరు. మే, జూన్ ఎండలో ఆ కొత్త కొమ్మల కళ్ల లోపల రాబోయే గుత్తి రూపు దిద్దుకుంటుంది. పైకి ఏమీ కనిపించదు. అప్పుడు మబ్బులు ఎక్కువైతే, నీళ్లు ఎక్కువ పెడితే కన్ను గుత్తి బదులు ఉత్త తీగై కూర్చుంటుంది. వానాకాలమంతా కొమ్మ ముదురుతుంది. సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లో రెండో కత్తిరింపు, ఫళ ఛాటణీ. ఈసారి ఏ కంట్లో గుత్తి ఉందో దాని పైన కత్తిరిస్తారు. అక్కణ్ణుంచి నాలుగు నెలలు, కొన్ని రకాలకు ఇంకొంచెం ఎక్కువ. కోత వచ్చేస్తుంది.

నిద్రపోని తీగ ఒక్కసారిగా అన్ని కళ్లూ తెరవదు. ముందొకటి, వెనకొకటి చిగురిస్తే కాయ కూడా ముందూ వెనకా పండుతుంది. దానికి మందు హైడ్రోజన్ సైనమైడ్. కత్తిరించిన ఒకటి రెండు రోజుల్లో గుడ్డను ఆ మందులో ముంచి ఒక్కో కంటికీ అద్దుకుంటూ పోతారు. చేతికి తొడుగులు తప్పనిసరి. ఆ మందు ఒంటికి తగిలిన రోజుల్లో సారా, బీరు, వైన్ ఏదీ ముట్టకూడదు. ఒంట్లో ఆల్కహాల్ విరగకుండా అది అడ్డుపడుతుంది, ముఖం ఎర్రబారి గుండె దడతో మనిషి ఆస్పత్రి పాలవుతాడు. వైన్ తోటలో చేసే పనికే ఈ పథ్యం ఉంది. ఆ పని చేసే కూలీల గురించి వైన్ రుచి చూసే గదుల్లో ఎవరూ చెప్పరు, చెప్పాలి.

"మీకు కూడా రెండు కత్తిరింపులేనా?" అని అడిగాను చిన్నాన్నని.

"రెండే. ఎండాకాలం ఒకటి, బతుకమ్మ దినాలల్ల ఒకటి. గీ మందు అద్దుడు మాత్రం మా కాలంల లేదు."

రైతుకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఫళ ఛాటణీ తర్వాత పడే వాన. వెళ్లిపోయే రుతుపవనాలు అక్టోబర్‌లో ఒక వారం ఆగితే లేత ఆకుల కింద తెల్ల బూజు పడుతుంది. బూజు తెగులు పూత మీదికి ఎక్కిందంటే ఆ ఏడు కాపు పోయినట్టే. మన దగ్గర కొబ్బరికీ బత్తాయికీ వాడే బోర్డో మిశ్రమం పుట్టింది ఈ తెగులు కోసమే. ఫ్రాన్స్‌లోని బోర్డో ద్రాక్షతోటల్లో దారి పక్క వరుసలకు, దొంగలు కాయలు తినకుండా, మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. ఆ వరుసలకే తెగులు రాలేదని మిలార్డే అనే శాస్త్రవేత్త గమనించాడు. 1885లో ఆ వివరాలు ప్రచురించాడు. ఈ దిండోరి తోటలో ఆకుల మీద ఇప్పటికీ ఆ నీలపు మరకలు ఉన్నాయి. ఇక కోత ముందు పడే వడగళ్లకు మందు లేదు. 2014 ఫిబ్రవరి, మార్చిలో మహారాష్ట్రలో పడ్డ వడగళ్లు రైతు ఇంకా మర్చిపోలేదు.

షిరాజ్ గుత్తులు నల్లగా, కొంచెం పొడుగ్గా ఉన్నాయి. కోతకు ఇంకో వారం పది రోజులట. తోలు నమిలితే వేళ్లూ పళ్లూ ఊదారంగు అయ్యాయి. ఎర్ర వైన్ రంగంతా తోలులోదే కాబట్టి రసాన్ని తోళ్లతో సహా పులియబెడతారు. షిరాజ్ త్వరగా పండుతుంది, మార్చి ఎండలు ముదిరేలోపే కోత అయిపోతుంది. మిరియం వాసన, నల్లటి పండ్ల రుచి, నోరు నిండే చిక్కదనం. అందుకే ఈ వేడికి సరిగ్గా కుదిరింది. కాబెర్నే సావిన్యాన్ అలా కాదు, ఆలస్యంగా పండే రకం. దానికి పండే టైము వచ్చేసరికి ఇక్కడ ఎండ ఎక్కేస్తుంది. చక్కెర పరుగెత్తి ముందుకు పోతుంది, తోలులోని వగరు మాత్రం పచ్చిగానే ఉంటుంది. ఆ సాయంత్రం రెండూ పక్కపక్కన రుచి చూశాను. కాబెర్నేలో ఆల్కహాల్ వేడి ముందు తగిలింది, పండు తర్వాత వచ్చింది. పేరు పెద్దదని దాన్నే కొనేవాళ్లు చాలామంది. నా డబ్బులైతే షిరాజ్ మీదే పెడతాను. వియోన్యే, టెంప్రనీయో కూడా కొన్నిచోట్ల వేస్తున్నారు. జిన్ఫాండెల్ ఒకే గుత్తిలో ఒక కాయ పండి ఇంకోటి పచ్చిగా ఉండే రకం, దాన్ని కొంచెం తీపిగా గులాబీరంగు వైన్ చేస్తే బాగుంటోంది.

రాత్రి నల్ల మసాలా మటన్, సజ్జ భాకరి. పక్కన షిరాజ్ పెట్టుకుంటే రెండో ముద్దకే కారం రెట్టింపయింది. ఆల్కహాల్, వగరు రెండూ కారాన్ని రేపుతాయి. గ్లాసు మార్చి కొంచెం తీపి ఉన్న షెనిన్, బాగా చల్లగా ఉన్నది తాగితే మంట తగ్గింది. మన ఇళ్లలో గోంగూర మటన్‌కో, గుంటూరు కోడి వేపుడుకో ఎర్ర వైనే ఉండాలనుకునేవాళ్లు ఒకసారి ఇలా ప్రయత్నించండి. షిరాజ్‌కు కారం తగ్గించిన కబాబులు బాగుంటాయి.

ఆదివారం

పొద్దున త్ర్యంబకేశ్వర్ దర్శనం. గోదావరి పుట్టిన బ్రహ్మగిరి కొండ ఎక్కలేదు, చిన్నాన్న మోకాళ్లు ఒప్పుకోలేదు. రాజమండ్రిలో కిలోమీటర్ల వెడల్పున చూసిన నదిని ఇక్కడ కుశావర్త కుండంలో మెట్ల మీద కూర్చుని చూడొచ్చు. గురుడు సింహరాశిలో ఉన్నప్పుడే ఇక్కడ కుంభమేళా, మన దగ్గర గోదావరి పుష్కరాలు. రెండూ మళ్లీ 2027లో.

అక్కణ్ణుంచి ఇగత్‌పురి వైపు వెళ్లాం. సహ్యాద్రి అంచుకు దగ్గరయ్యే కొద్దీ వాన ఎలా పెరుగుతుందో చూడాలని. నాసిక్ ఊళ్లో ఏడాదికి 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కల కురిస్తే, యాభై కిలోమీటర్లు కూడా లేని ఇగత్‌పురిలో 3000 దాటుతుంది. ఆ అంచుకు కాస్త లోపల, చెరువుల పక్కన కొన్ని వైనరీలున్నాయి. వాన ఎక్కువ, నేల వాలు ఎక్కువ. ఇక్కడ రాత్రి ఇంకా చల్లగా ఉంటుందనీ, కోత కొంచెం ఆలస్యమనీ చెప్పారు. రుచి చూసిన తెల్ల వైన్లలో నిజంగానే పులుపు సూటిగా ఉంది. మధ్యాహ్నానికి వెనక్కొచ్చేశాం.

సోమవారం

చివరి రోజు తూర్పు వైపు, పింపళ్‌గావ్ బస్వంత్, నిఫాడ్. ఇదంతా తినే ద్రాక్ష సీమ. చలికాలంలో నిఫాడ్‌లో రాత్రి ఉష్ణోగ్రత ఐదు డిగ్రీల కిందికి పడిపోయిన రోజులు ఉంటాయి. అప్పుడు కాయ పగలకుండా రైతులు తెల్లవారుజామున తోటలో మంటలు పెట్టి పొగ వేస్తారు.

పింపళ్‌గావ్‌లో ప్యాక్‌హౌస్ చూశాం. థామ్సన్ కాయ లావు కావడానికి జిబ్బరెల్లిక్ ఆమ్లంలో గుత్తిని ముంచుతారు, గుత్తిలో సగం కాయలు ముందే కత్తెరతో తీసేస్తారు. పెద్దగా, కరకరలాడుతూ, ఒకే సైజులో ఉంటేనే ఐరోపా వెళ్లే పెట్టెలోకి ఎక్కుతుంది. వైన్ రైతు కోరేదానికి ఇది పూర్తిగా ఎదురు. ఒకే నేల, ఒకే కత్తెర, ఒకే కాలం, కానీ ఒకరికి పెద్ద కాయ కావాలి, ఇంకొకరికి చిన్న కాయ.

నిఫాడ్ తాలూకాలోనే వించూర్ ఉంది, 2001 విధానం కింద ప్రభుత్వం పెట్టిన వైన్ పార్కు. దాని పక్క ఊళ్లో ఒక రైతు తన కథ చెప్పాడు. పార్కు వచ్చినప్పుడు థామ్సన్ తీసేసి మూడెకరాల్లో కాబెర్నే వేశాడట. 2008 తర్వాత అమ్మకాలు పడిపోయాయి. వైనరీ కాయ తీసుకుంది, డబ్బులు ఇవ్వలేదు. తర్వాతి ఏడు తీసుకోనేలేదు. తినే ద్రాక్షయితే సంతకు తోలుకెళ్లి ఎంతోకొంతకు అమ్ముకోవచ్చు. గింజలతో, మందపాటి తోలుతో ఉన్న కాబెర్నే ఎవరు తింటారు? తోటంతా పీకేసి మళ్లీ థామ్సన్ పెట్టాడు. ఆ కాలంలో నాసిక్‌లో ఇలా పీకేసిన రైతులు చాలామంది ఉన్నారు. వైన్ సీసా మీద ద్రాక్ష రకం పేరు, ఊరి పేరు చదివి మురిసిపోయే నాలాంటివాళ్లు ఆ పేరు వెనక ఈ ఒప్పందం ఒకటి ఉంటుందని తెలుసుకోవాలి. కాయ కొనేవాడు ఒక్కడే అయినప్పుడు రైతు ఎటూ కదల్లేడు.

మరి దిండోరి రైతు షిరాజ్ ఎందుకు ఉంచుకున్నాడు? తిరుగు ప్రయాణంలో చిన్నాన్నని అదే అడిగాను. ఆయన శనివారమే ఆ ప్రశ్న వేసి జవాబు రాబట్టాడు.

"ఆ వాలు మీద థామ్సన్ పెడితే కాయ ఊరదురా, మొరం కదా. చదునుల థామ్సన్, గుట్టకు షిరాజ్. కంపెనీ ఏటా డబ్బులు సక్కగ ఇస్తుందట, రేటు ముందే రాస్కుంటరట. ఇయ్యకుంటే గుట్ట బీడు పెడ్తా గని మళ్ల థామ్సన్ పెట్ట అన్నడు."

నాలుగు రోజులు తిరిగి నేను చూసినదీ అదే. మంచి వైన్ దొరికిన ప్రతిచోటా తోట ఎర్ర వాలు మీదే ఉంది, తినే ద్రాక్షకు పనికిరాని నేలలో. గంగాపూర్, దిండోరి గుట్టల్లో వైన్ తీగలు నిలిచాయి. నిఫాడ్ నల్లరేగడిలో వేసినవి చాలావరకు పోయాయి.